పంట సెలవులు కూడా కొలువే

బ్లాక్ బ్రూక్, మెయిన్
25 ఆగస్టు 2022

మా ఇంటి టీచరమ్మ మిరెయ్‌కి,

నీ అప్పు పోయింది తల్లీ. పదిహేడేళ్ళ కిందట కాలేజీ చదువు కోసం చేసిన అప్పు మొత్తం వేళ్ళతో సహా పోయింది. నువ్వు కూర్చుని చదువు. నేను మాత్రం నిలబడే రాస్తున్నాను, కుర్చీలో ఒళ్ళు నిలవడం లేదు.

నిన్న రేడియోలో చెప్పారు. చదువు అప్పులు మాఫీ అని సాక్షాత్తూ అధ్యక్షుడే అన్నాడు. నా చెవులు రెండూ ట్రాక్టరు మోత తినేసింది గనక మీ అమ్మని మళ్ళీ అడిగాను. "మాఫీ అనే అన్నాడా?" అంటే, "మాఫీ అనే అన్నాడు, ఇంకా ఏదో కూడా అంటున్నాడు, నువ్వు అరుస్తుంటే వినపడితేగా," అంది. మాఫీ అన్నాక వెనకాల ఏమన్నా మనకెందుకు?

పొద్దున్నే చర్చికి వెళ్ళి అందరికీ చెప్పేశాను. వచ్చే నెల రెండో ఆదివారం నీ పేరున కృతజ్ఞతా పూజ జరిపించమని ఫాదర్ చేతిలో డబ్బు పెట్టాను. హాల్లో ఉన్న ఇరవై మందికీ డోనట్ల ఖర్చు నాదే. "అల్ఫే, ఈ ఏడు నీకు బంగాళాదుంపలు అంత బాగా పండాయా?" అని అడిగారు. దుంపలు కాదురా, మా అమ్మాయి పంట పండింది అన్నాను.

ఇంకో సంగతి గుర్తు చేసి కాస్త గొప్ప చెప్పుకోనివ్వు. నువ్వు కాలేజీకి వెళ్ళేటప్పుడు అప్పు ఎక్కడ చెయ్యాలని అడిగావు. వాషింగ్టన్ వాడి మొహం మనమెప్పుడైనా చూశామా, వాడి దగ్గర వద్దు, మన క్లోవిస్ పనిచేసే బ్యాంకులో తీసుకో, వాడు చర్చిలో నా పక్కన నిలబడి పాడతాడు అని చెప్పింది నేనే. ప్రభుత్వం పూచీ ఉన్న అప్పే, ఇచ్చే చెయ్యి మాత్రం మనకి తెలిసినవాడిది. ఇప్పుడు చూడు, దానికీ మాఫీ వచ్చింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి కూడా ఒక్కోసారి బుర్ర పనిచేస్తుంది.

ఇంకేం అడ్డం? నీకూ హార్లన్‌కీ నిశ్చితార్థమై ఆరేళ్ళయింది. మా గిడ్డంగిలో దుంపలు కూడా అన్నాళ్ళు ఉండవు, మొలకలొచ్చేస్తాయి. ఆ లాబ్‌స్టర్లు పట్టే అబ్బాయిని ఎన్నాళ్ళు నీళ్ళలో నానబెడతావు?

సంతోషంతో ఇంకా నిలబడే ఉన్న
మీ నాన్న అల్ఫే


స్పార్ హార్బర్, మెయిన్
2 సెప్టెంబరు 2022

నాన్నా,

ముందు నువ్వు కూర్చో. కూర్చున్నావా? అమ్మా, కూర్చున్నాడా?

అమ్మకి వినపడని ఆ "ఇంకా ఏదో" నేను చెప్తాను. ఆయన మాఫీ అన్నది పదివేల డాలర్లు. నాది నలభై ఒక్క వేలు. ఆ పదివేలకి కూడా ఇంకా దరఖాస్తు కాగితమే పుట్టలేదు, ఈలోపే కోర్టుకి వెళ్తామని కొందరు బూట్లు తొడుక్కుంటున్నారు. కనక నా అప్పు ఎక్కడికీ పోలేదు. నిన్న కూడా పలకరించింది, బాగానే ఉంది.

డోనట్లు ఎలాగూ అరిగిపోయాయి. పూజ డబ్బు మాత్రం వెనక్కి అడగకు, ఫాదర్ దగ్గరే ఉంచు. ఎందుకంటే రేడియోలో ఎవరూ అంతగా చెప్పని ఇంకో దారి ఉంది. బడుల్లో, ప్రభుత్వాసుపత్రుల్లో కొలువు చేస్తూ నూట ఇరవై నెలలు వాయిదాలు కట్టినవాళ్ళకి మిగిలింది కొట్టేసే పద్ధతి ఒకటి చాలా ఏళ్ళుగా ఉంది. నా వాయిదాలు ఒక్కటి కూడా ఆ లెక్కకి రాలేదు. ఎందుకు రాలేదన్నది పెద్ద కథ, వదిలెయ్. పోయిన ఏడు నిబంధన సడలించారు. ఈ అక్టోబరు 31 లోపల కాగితాలు పంపినవాళ్ళకి పాత నెలలన్నీ కలుపుతారట. ఆ రోజు దాటితే తలుపు మూసేస్తారు.

నేను టీచరునై ఈ ఆగస్టుకి సరిగ్గా పదేళ్ళు. మొదటి అయిదేళ్ళు మన ఊరి బడిలో, తర్వాత అయిదేళ్ళు ఇక్కడ. ఇక్కడివాళ్ళు నేను పనిచేసినట్టు నిన్ననే సంతకం పెట్టి ఇచ్చారు. మన ఊరి బడి ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ ప్రయత్నిస్తాను.

హార్లన్ సంగతికి వస్తే, మాకు తొందర లేదు నాన్నా. లాబ్‌స్టర్లు నీళ్ళలోనే బాగుంటాయి.

నీ కూతురు
మిరెయ్


బ్లాక్ బ్రూక్
13 సెప్టెంబరు 2022

మిరెయ్,

ఈ ఉత్తరం కూర్చునే రాస్తున్నాను.

ఆదివారం పూజ అయ్యాక ఆస్పత్రిలో నర్సుగా చేసే, మన ఊరి రైతు రోమెయో కోడలు నా పక్కన కూర్చుంది. "అంకుల్, మిరెయ్‌ది బ్యాంకు అప్పా, నేరుగా ప్రభుత్వం ఇచ్చిన అప్పా?" అని అడిగింది. బ్యాంకుదే, మన క్లోవిస్ బ్యాంకుదే అన్నాను, కాస్త గర్వంగానే. ఆ పిల్ల మొహం చూడాల్సింది. కాఫీ కప్పు కింద పెట్టేసి మెల్లగా చెప్పింది. నేరుగా ప్రభుత్వం ఇచ్చిన అప్పయితేనే ఆ నూట ఇరవై నెలలు లెక్కట. బ్యాంకు ద్వారా చేసినవాళ్ళు నూట ఇరవై కాదు, వెయ్యి నెలలు కట్టినా లెక్కలోకి రారట. ఇప్పుడు సడలించారు గనక, అప్పుని గడువులోగా ప్రభుత్వం కిందికి మార్పించుకుంటేనే దారి అట.

నువ్వు వదిలెయ్యమన్న పెద్ద కథ ఇదేనా? ఇది పెద్ద కథేం కాదు. ఒక ముసలాడు తెలియని విషయంలో తెలిసినట్టు సలహా ఇచ్చాడు. ఇంత చిన్న కథ నాకెందుకు చెప్పలేదు?

క్లోవిస్ పోయి నాలుగేళ్ళయింది. బ్యాంకు ఆ అప్పుని ఎవరికో అమ్మేసింది, వాళ్ళు ఇంకెవరికో అమ్మారు. మొహం తెలిసినవాడని తీసుకున్న అప్పు, చివరికి ఏ మొహమూ లేనివాడి దగ్గర తేలింది.

వెనక అడవి ముక్క ఉంది కదా, చెట్లు బాగా బలిశాయి. అది అమ్మేస్తే ఎంతొస్తుందో కనుక్కుంటాను. ఇంకేమైనా దాచి ఉంటే ఇప్పుడే చెప్పు. ఒకేసారి పడితే ఒకేసారి లేస్తాను.

నాన్న

(అమ్మ రాస్తున్నాను. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. నువ్వే ఏదైనా అని ఏడిపించు. నువ్వు ఏడిపిస్తేనే ఈయనకి ఆకలేస్తుంది.)


స్పార్ హార్బర్
17 సెప్టెంబరు 2022

నాన్నా,

అమ్మ ఏడిపించమంది గనక మొదలుపెడుతున్నాను. ఆ రోజు సంతకం ఎవరిది? నాది. నాకు పద్దెనిమిదేళ్ళు, చదవడం వచ్చు, కాగితం ఇంగ్లీషులోనే ఉంది. చదవకుండా పెట్టాను. మా అయిదో తరగతి పిల్లలు ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే నేను వాళ్ళ నాన్నల్ని తిట్టను కదా. పైగా అప్పట్లో సగం దేశం బ్యాంకుల దగ్గరే తీసుకుంది. ఇన్ని లక్షల మందిని తప్పుదోవ పట్టించేటంత పలుకుబడి నీకుందని నేననుకోను.

అడిగావు గనక ఉన్నవి చెప్పేస్తున్నాను.

ఒకటి. కరోనా వచ్చినప్పుడు ప్రభుత్వం చదువు అప్పులకి వాయిదాలు ఆపేసిందని నీకు చెప్పాను. ఆపింది నిజమే, ప్రభుత్వం చేతిలో ఉన్నవాటికి. నాది బ్యాంకులవాళ్ళ చేతిలో ఉంది గనక నేను ప్రతి నెలా కట్టాను. మా స్టాఫ్ రూములో మిగతావాళ్ళు "హమ్మయ్య, ఈ నెల కూడా లేదు" అంటుంటే నేను కాఫీ కలుపుకోవడానికి లేచేదాన్ని. చాలా కాఫీ తాగాను ఆ రెండేళ్ళు.

రెండు. హార్లన్. తొందర లేదని రాశాను చూడు, అది అబద్ధం. తొందరగానే ఉంది. నా వాయిదా నా జీతాన్ని బట్టి లెక్కకడతారు. పెళ్ళి చేసుకుంటే ఇద్దరి ఆదాయం కలిపి చూస్తారు. హార్లన్‌కి లాబ్‌స్టర్లు బాగా పడిన ఏడాది కాగితం మీద కోటీశ్వరుడిలా ఉంటాడు, మర్నాడే ఆ డబ్బంతా పడవ ఇంజను మింగేస్తుంది. కలిపితే నా వాయిదా రెండింతలవుతుంది. పన్ను కాగితాలు వేరువేరుగా వేసుకోవచ్చంటారు, అప్పుడు వాయిదాలో మిగిలింది పన్నులో పోతుంది. మూడేళ్ళు కూర్చుని లెక్కలు వేశాం. ప్రతిసారీ పెళ్ళే ఓడిపోయింది. ఈ మాఫీ వస్తే పెళ్ళి, లేకపోతే ఇలాగే. నీకు చెప్తే మళ్ళీ క్లోవిస్ బ్యాంకు దాకా వెళ్తావని చెప్పలేదు.

మూడోది లేదు. లే ఇక.

అడవి ముక్క అమ్మావంటే పెళ్ళికి నిన్ను పిలవను. అప్పుని ప్రభుత్వం కిందికి మార్చడానికి దరఖాస్తు పెట్టేశాను. ఇప్పుడు కావలసింది ఒక్కటే, మన బడిలో నేను చేసిన అయిదేళ్ళకి ఆఫీసు సంతకం. కాగితం దీనితో పంపుతున్నాను, నా సంతకం పెట్టాను. ఆఫీసులో లోరెట్ మిషోయే కదా ఇంకా? ఆమె చేత తేదీలు రాయించి సంతకం పెట్టించు. నా బదులు వెళ్ళగలిగేది నువ్వొక్కడివే.

మిరెయ్


బ్లాక్ బ్రూక్
27 సెప్టెంబరు 2022

మిరెయ్ తల్లీ,

పని అయిపోయింది. మీ నాన్న పని అప్పగిస్తే చేసుకొస్తాడు. నాలుగు రోజులుగా తెగ తింటున్నానని మీ అమ్మ గొణుగుతోంది, నిన్న రాత్రి తొమ్మిది ప్లోయ్ అట్లు తిన్నాను.

నీ ఉత్తరం రాగానే బడికి వెళ్ళాను. తాళం. నీకు సముద్రం గాలి తగిలి మన ఊరు మర్చిపోయినట్టున్నావు, పంట సెలవులమ్మా. పిల్లలూ టీచర్లూ అందరూ పొలాల్లో ఉన్నారు. లోరెట్ ఎక్కడ అంటే రోమెయో పొలంలో దుంపలు తీసే హార్వెస్టరు మీద అన్నారు. వెళ్ళాను. యంత్రం మీద నిలబడి, బెల్టు మీద వచ్చే దుంపల్లోంచి రాళ్ళూ మట్టిగడ్డలూ ఏరి పడేస్తోంది. నేను చాలు పక్కన నడుస్తూ అరిచాను.

"లోరెట్, ఒక సంతకం కావాలి."

"సెలవుల్లో నేను సంతకాలు పెట్టను అల్ఫే, రాళ్ళు ఏరతాను. అక్టోబరు పదకొండున ఆఫీసుకి రా."

"అంతవరకు ఆగితే గడువు దాటుతుందేమోనమ్మా. మిరెయ్ పని."

"మిరెయ్ పనా? మరి ముందే చెప్పవేం. అన్నానికి ఆపినప్పుడు పెడతా, లారీ దగ్గర ఉండు."

రెండు గంటలు లారీ దగ్గర నిలబడ్డాను. రోమెయో వచ్చి ఊరికే నిలబడితే చలేస్తుందని ఒక బుట్ట నా చేతికిచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్ళవాడి చేత కూడా పని చేయించుకుంటాడు ఆ పిసినారి.

లోరెట్ దిగి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, లారీ బానెట్ మీద కాగితం పరిచింది. "ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేసిందో రాయాలట. మధ్యలో ఏటా పంట సెలవులు మూడు వారాలు ఉన్నాయి కదా, అవి ఏం చెయ్యను?" అంది. నేను వెంటనే చెప్పాను. "ఉన్నది ఉన్నట్టు రాయి లోరెట్. మన నది లోయవాళ్ళు ఒక్క రోజు ఎక్కువ రాసుకున్నారని వాషింగ్టన్‌లో ఎవడూ అనకూడదు." ఆమె కూడా నాలాంటిదే. ప్రతి ఏటా పంట సెలవులు తీసేసి, ఆగస్టు నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి జూన్ దాకా ఒకటి, ఇలా అయిదేళ్ళకి పది ముక్కలుగా రాసింది. గడిలో పట్టక అంచుల చుట్టూ తిప్పి రాసింది. కాస్త మట్టి అయింది, కానీ మట్టి నిజాయితీదే. కాగితం కిందే చిరునామా ఉంది గనక నీకు పంపి ఆలస్యం చేయడమెందుకని నేరుగా ఆ అప్పుల ఆఫీసుకే రిజిస్టరు పోస్టులో పంపించేశాను.

హార్లన్‌ని కొత్త కోటు కుట్టించుకోమను.

నాన్న


స్పార్ హార్బర్
3 అక్టోబరు 2022

నాన్నా,

నీ ఉత్తరం హార్లన్‌కి చదివి వినిపించాను. లారీ బానెట్ దాకా నవ్వాడు. పది ముక్కల దగ్గరికి వచ్చేసరికి వల బాగుచేస్తున్న సూది కింద పెట్టేశాడు.

నువ్వూ లోరెట్ కలిసి ప్రభుత్వానికి ఏం రాసిచ్చారో తెలుసా? నేను ఏటా సెప్టెంబరులో ఉద్యోగం మానేసి, దుంపలు తవ్వుకుని, అక్టోబరులో మళ్ళీ ఉద్యోగంలో చేరానని. వరసగా అయిదేళ్ళు. పంట సెలవులంటే ఏమిటో మన లోయ దాటితే ఎవరికీ తెలియదు నాన్నా. ఆ ఆఫీసులో కూర్చున్న మనిషికి నేను నిలకడ లేని మనిషిలా కనిపిస్తాను.

బడి మూసి ఉన్నా కొలువు మూతపడదు. ఏడాదికి ఒప్పందం రాసుకున్నాక వేసవి రెండు నెలలూ లెక్కే, క్రిస్మసు సెలవులూ లెక్కే, దుంపల సెలవులూ లెక్కే. రాయాల్సింది రెండే తేదీలు. చేరిన రోజు, మానేసిన రోజు. ఫోన్ చేశాను. వాళ్ళ ఆఫీసు నలభై నిమిషాలు పియానో వినిపించాక ఒకావిడ మాట్లాడింది. ముక్కలు ముక్కలుగా ఉన్న కాగితం తిప్పి పంపేస్తారట. సరైనది 31 లోపల చేరకపోతే ఆ అయిదేళ్ళూ పోయినట్టే. దాదాపు అరవై నెలలు నాన్నా, సగం.

మీ నిజాయితీకి నేనేమీ అనను. దేశంలో ఇంకెవరూ ప్రభుత్వం చేతికి ఇంత కష్టపడి తమ నెలలు తిరిగి ఇచ్చి ఉండరు. కానీ ఈసారి కాస్త తక్కువ నిజాయితీగా, అంటే పూర్తిగా నిజంగా, రాయించు. కొత్త కాగితం దీనితో ఉంది. అయ్యాక నాకే పంపు. నువ్వు పోస్టాఫీసులో చిరునామా వైపు చూడను కూడా చూడకు.

మిరెయ్


బ్లాక్ బ్రూక్
12 అక్టోబరు 2022

మిరెయ్,

నిన్న ఆఫీసు తెరవగానే గుమ్మంలో ఉన్నాను. ఈసారి కోటు వేసుకున్నాను. లోరెట్ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. యంత్రం మీద చూసిన మనిషీ ఈమే అంటే నమ్మలేం. విషయం చెప్పాను. కాగితం అటూ ఇటూ తిప్పింది.

"మొన్న ఉన్నది ఉన్నట్టు రాయమన్నది ఎవరు?"

"నేనే."

"ఇవాళ లేనిది రాయమంటున్నది ఎవరు?"

"నేనే, కానీ లేనిది కాదు లోరెట్. ఏడాది ఒప్పందమట."

"బడికి తాళం వేసి ఉంటే పనిలో ఉన్నట్టు నేనెలా రాస్తాను అల్ఫే? తాళం వేసింది నేను. ముప్పై ఏళ్ళలో ఈ కుర్చీలోంచి ఒక్క అబద్ధం బయటికి వెళ్ళలేదు. కావాలంటే సూపరింటెండెంటుని అడుగు, ఆయన వచ్చే నెల వస్తాడు."

వచ్చే నెల అంటే గడువు దాటిపోతుంది తల్లీ. నిన్నూ హార్లన్‌నీ తలుచుకున్నాను. ఇంకో ఆరేళ్ళు మీరు వంటగదిలో కూర్చుని లెక్కలు వేస్తూ కనిపించారు. ఆమెతో పోట్లాడదామనుకున్నాను, కానీ పోట్లాడితే లోరెట్ ఇంకా గట్టిపడుతుంది. నాకు తెలిసిన ప్రశ్నే అడిగాను.

"జీతాల చెక్కులు రాసేది ఎవరు?"

"ఇంకెవరు, నేనే. ఏడాదికి ఇరవై ఆరు."

"పంట సెలవుల్లో మిరెయ్‌కి చెక్కు రాశావా?"

"రాశాను. సెలవులకి ముందే రాసి కవర్లలో పెట్టి పోతాను."

"ఎవరి డబ్బుతో?"

"బడి డబ్బుతో."

"మరి ఆ మూడు వారాలు ఆ పిల్ల బడి మనిషి కాకపోతే, పనిలో లేనిదానికి అయిదేళ్ళపాటు జీతం ఇచ్చావన్నమాట. అది ఏ పద్దులో రాశావమ్మా?"

లోరెట్ కళ్ళజోడు తీసింది. లేచి వెళ్ళి అల్మారాలోంచి నీ ఒప్పందం కాగితాలు అయిదూ తెచ్చి ఒక్కొక్కటే చదివింది, పెదవులు కదుపుతూ. తర్వాత ఒకే వరసలో రెండు తేదీలు రాసింది. చేరింది 2012 ఆగస్టు 20. మానేసింది 2017 జూన్ 16. అంతే. సంతకం పెట్టి ముద్ర వేస్తూ అంది కదా, "అయితే ముప్పై ఏళ్ళుగా రాళ్ళు ఏరుతున్నంతసేపూ నేను కూడా బడి ఉద్యోగినేనన్నమాట. ఈ సంగతి తెలిస్తే కాస్త మంచి చొక్కా వేసుకునేదాన్ని."

కాగితం ఇందులో పెట్టాను. శుభ్రంగా ఉంది. నేను చదవలేదు, సరిచూడలేదు, ముట్టుకోవడానికి కూడా మీ అమ్మ చేతి తొడుగులు తొడుక్కున్నాను.

నాన్న


స్పార్ హార్బర్
15 జనవరి 2023

నాన్నా,

కొత్త సంవత్సరంలో కొత్త వార్తేమీ లేదు. కాగితాలన్నీ అక్టోబరు 24న వాళ్ళకి చేరినట్టు రసీదు ఉంది. రోజూ కంప్యూటరులో చూస్తున్నాను. లెక్కకి వచ్చిన నెలలు: సున్నా. నిన్న కూడా సున్నా. క్లాసులో ఒక పిల్లవాడు సున్నా అంటే ఏమీ లేకపోవడమా, ఇంకా ఏమీ రాకపోవడమా అని అడిగాడు. నేను సైన్సు పాఠం మొదలుపెట్టాను.

రేడియోలో చెప్పిన ఆ పదివేల మాఫీ కోర్టులో ఆగిపోయింది, వినే ఉంటావు. దాంతో నాకు భయం మొదలైంది నాన్నా. ఒకరు తలుపు తీస్తారు, ఇంకొకరు వచ్చి మూస్తారు. మా తలుపు కూడా మేం గడప మీద ఉండగానే మూస్తారేమోనని. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. హార్లన్‌కి చెప్తే ఏమంటాడో తెలుసు. "సరే, అప్పటిదాకా ఆగుదాం," అంటాడు. అతను అలా అన్నప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది, వల మీదికి వంగి నవ్వినట్టు నటిస్తాను.

ఇంకో మాట. చెట్లు కొలవడానికి ఎవరో మనిషి వచ్చాడని అమ్మ రాసింది. ఏ చెట్లు, ఎందుకు కొలిచాడు అని నేను అడగను. అతనికి కాఫీ ఇచ్చి, కొలత కర్ర చేతికిచ్చి, గేటు దాకా సాగనంపు. ఎదురుచూడటం నాకు అలవాటే. నీకే అలవాటు లేదు.

మిరెయ్


బ్లాక్ బ్రూక్
18 మార్చి 2023

మిరెయ్ తల్లీ, మా తల్లీ,

మీ అమ్మ నిన్ననే ఫోన్ చేసి చెప్పేసిందని తెలుసు. చెవులు పనిచేసేవాళ్ళకి అన్నీ ముందే దొరుకుతాయి. అయినా ఈ వార్త నా చేత్తో రాయకపోతే నాకు తృప్తి లేదు. నీ అప్పు పోయింది.

కాలేజీ రోజులనుంచీ నీ శాశ్వత చిరునామా ఇదే ఇచ్చావు గనక కవరు ఇక్కడికే వచ్చింది. పల్చటి కవరు. పల్చటి కవరులో ఎప్పుడూ లేదు అనే మాటే వస్తుందని మీ అమ్మ అంది. నీ పేరున్న కవరు చింపడం తప్పని నాకు తెలుసు. దాన్ని బల్ల మీద పెట్టి దాని చుట్టూ ఒక పూట తిరిగాను. గొడ్ల పాకకి వెళ్ళొచ్చాను. నిప్పులో కట్టె వేశాను. చివరికి మీ అమ్మే చింపింది. కాబట్టి జైలుకి ఆమే వెళ్తుంది.

చదివింది. లెక్కకి వచ్చిన వాయిదాలు నూట ఇరవై నాలుగు. మిగిలిన బాకీ సున్నా. నాలుగు నెలలు ఎక్కువే కట్టావట, అవి వెనక్కి ఇస్తారట. చదవడం అయ్యాక మీ అమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. నేను కాగితం తీసుకుని వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివాను. ఈసారి ఎవరినీ మళ్ళీ అడగలేదు.

తల్లీ, ఒక సంగతి. నీకు సలహా ఇచ్చిన రోజునుంచీ, అంటే ఆ సలహా ఎటువంటిదో తెలిసిన రోజునుంచీ, చర్చిలో క్లోవిస్ నిలబడే చోటు వైపు చూడటం మానేశాను. అది ఖాళీ చోటే, అయినా చూడలేదు. ఇవాళ వెళ్ళి అక్కడే నిలబడి పాడాను. శ్రుతి తప్పానట. తప్పితే తప్పాను.

జూన్ పదో తారీకు అన్నావని మీ అమ్మ చెప్పింది. లాబ్‌స్టర్లు ఒడ్డుకి రాకముందే, మేం దుంపలు నాటడం అయ్యాకే. రెండు వృత్తులకీ కుదిరిన ముహూర్తం పెట్టినవాళ్ళల్లో నిన్నొక్కదాన్నే చూశాను. బడి హాలు అడిగాను. "పెళ్ళికి వేరే, విందుకి వేరే రెండు తేదీలు రాయాలా, ఒకటి చాలా?" అని లోరెట్ అడిగింది. ఒకటి చాలన్నాను. ఊరంతా ఈ ఒక్క మాట పట్టుకుని నన్ను ఏడిపిస్తోంది, నాకు హాయిగా ఉంది.

అడవి ముక్క అలాగే ఉంది. కొలిచినవాడికి కాఫీ ఇచ్చాను.

ఆగస్టులో తొందరపడి చెప్పినవాళ్ళందరికీ ఇప్పుడు నిజంగా చెప్పాలి. నా మాట ఎవరూ నమ్మరు గనక నువ్వు కూడా ఒక్కొక్క కార్డు రాయి.

నీ మీద ప్రేమ తప్ప ఏ బాకీ లేని
మీ నాన్న అల్ఫే

చెప్పవలసినవాళ్ళు:

కనెటికట్‌లో ఉన్న మీ బెర్నడీన్ మేనత్తకి. ఆగస్టులో నన్ను చూసి అందరికన్నా ఎక్కువ నవ్వింది, ముందు ఆమెకి.

నది అవతల కెనడాలో మీ రొజేర్ బాబాయికి. "మా దేశంలో ఇంత తంటా లేదు," అంటాడు. అననివ్వు, పెళ్ళికి మాత్రం ఫిడేలు తెమ్మను.

నీ జ్ఞానస్నానపు తల్లి ఎలోడీకి. పదేళ్ళుగా నీ కోసం కొవ్వొత్తులు వెలిగిస్తోంది, ఇక ఆపమను, లేకపోతే ఇంకేదో కోరుకుంటుంది.

మీ అన్నయ్య నార్మన్‌కి. తను కాలేజీకి వెళ్ళలేదు గనక తనే తెలివైనవాడినంటాడు. ఒక్కసారికి ఒప్పుకో.

నార్మన్ కూతురు కోలెట్‌కి, విడిగా, పెద్ద ఉత్తరం. వచ్చే ఆగస్టులో కాలేజీకి వెళ్తోంది, రూల్స్ మళ్ళీ మారుతున్నాయంటున్నారు. ఏ కాగితం మీదా సంతకం పెట్టే ముందు నిన్ను అడగమను. నన్ను కాదు.

హార్లన్ బీల్‌కి. అతనికి తెలుసని నాకూ తెలుసు. కానీ ఇది బంధువుల జాబితా, అతని పేరు లేకుండా ఎలా ముగిస్తాను?